కుక్క కుండీ మొక్క నమిలితే



కంద తరిగే ముందు చేతులకు నూనె రాసుకోవాలని మన వంటిళ్లలో ఎవరూ పాఠంలా నేర్పక్కర్లేదు. ఒక్కసారి దురద పెడితే చాలు, జన్మంతా గుర్తుంటుంది. కంద సరిగ్గా ఉడక్కపోతే గొంతు గీరుకుంటుంది. చేమదుంపా అంతే. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని సామెత కూడా ఉంది. కత్తిపీట సంగతి ఎలా ఉన్నా, కుక్క మూతికి మాత్రం ఈ దురద తప్పదు. అదెలాగో చూద్దాం.

దురదకు కారణం కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం. కంద లోపల అది సన్నటి సూదుల రూపంలో ఉంటుంది. కంటికి కనిపించనంత సన్నం. కణాల లోపల ఈ సూదులు కట్టలు కట్టలుగా ఉంటాయి. కణం చిట్లితే బయటికి దూసుకొచ్చి చర్మంలో, నాలుక మీద, గొంతులో గుచ్చుకుంటాయి.

ఇప్పుడు మీ హాల్లో టీవీ పక్కనున్న మనీప్లాంటును ఒకసారి చూడండి. అది కందకు, చేమకు చుట్టమే. ముగ్గురిదీ ఒకే కుటుంబం. పచ్చటి ఆకు మీద తెల్ల మచ్చలుండే డైఫెన్‌బేకియా, ఫిలోడెండ్రాన్, సింగోనియం, అగ్లోనిమా, పీస్ లిల్లీ, ఈ మధ్య ప్రతి ఆఫీసులోనూ కనిపిస్తున్న జెడ్‌జెడ్ ప్లాంట్, పెద్ద పెద్ద చిల్లుల ఆకుల మాన్‌స్టెరా, ఇవన్నీ ఆ కుటుంబంలోవే. అన్నిట్లోనూ ఆ సూదులున్నాయి.

ఇంట్లో 4, 5 నెలల కుక్కపిల్ల ఉందనుకోండి. దానికి పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తుంటాయి. చిగుళ్లు సలుపుతుంటాయి. చెప్పు దొరికితే చెప్పు, సోఫా అంచు దొరికితే సోఫా అంచు, కుండీ అందితే కుండీలో మొక్క. ఏదో ఒకటి కొరకాలి దానికి. డైఫెన్‌బేకియా ఆకు పరపరా నమిలేస్తుంది. మరుక్షణం కుయ్‌మని అరుస్తుంది. నోట్లోంచి చొంగ కారుతుంది. ముందుకాళ్లతో మూతి రుద్దుకుంటుంది. డోకుతుంది. పెదాలు, నాలుక కాస్త వాస్తాయి. అన్నం పెడితే ముట్టదు. ఇంట్లోవాళ్లకు గుండె జారిపోతుంది.

ఇక్కడ ధైర్యం చెప్పే మాట ఒకటుంది. ఈ కందజాతి మొక్కలు కుక్కను బాగా బాధపెడతాయి గానీ, ప్రాణం మీదికి తేవడం అరుదు. మొదటి కొరుకుడుకే నోరు మండుతుంది కాబట్టి కుక్క తనంతట తానే ఆపేస్తుంది. కడుపులోకి పోయేది కొంచెమే. వాపు, చొంగ చాలావరకు కొన్ని గంటల్లో తగ్గుముఖం పడతాయి. గొంతు బాగా వాచి ఊపిరి అందకపోతే మాత్రం అది అత్యవసరం. శ్వాసలో గురగుర వినిపించినా, నాలుక నీలంగా మారినా ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

మరి వెంటనే ఏం చేయాలి? ముందు నోట్లో మిగిలిన ఆకు ముక్కలు తీసేయండి. జాగ్రత్త, నొప్పిలో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది. తడిగుడ్డ వేలికి చుట్టుకుని పెదాలు, చిగుళ్లు, నాలుక మెల్లగా తుడవండి. తాగుతానంటే గిన్నెలో నీళ్లు పెట్టండి. బలవంతంగా గొంతులో పోయకండి. పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. తిన్నది కందజాతి మొక్కే అని కచ్చితంగా తెలిస్తే, ఉప్పూ చక్కెరా వేయని పెరుగు ఒకటి రెండు చెంచాలు నాకించవచ్చు. నోటి మంట కాస్త నెమ్మదిస్తుంది. ఇంకో జాతి మొక్క తింటే పెరుగు విరుగుడు కాదు. ఇది గుర్తుంచుకోండి.

ఆ తర్వాత వెటర్నరీ డాక్టరుకు ఫోన్ చేయాలి. ఈ ప్రసంగంలో ముఖ్యమైన మాట ఇక్కడే ఉంది. ఫోన్ చేసేటప్పుడు మీ చేతిలో ఆ మొక్క ఉండాలి.

ఎందుకంటారా? మందుల షాపుకు వెళ్లి, "అదేనండీ, గుండ్రంగా తెల్లగా ఉంటుందే, ఆ బిళ్ల ఇవ్వండి" అంటే షాపతను ఏమిస్తాడు? డాక్టరుకు ఫోన్ చేసి "మా కుక్క ఏదో ఆకు తినేసిందండీ" అంటే ఆయన పరిస్థితీ అంతే. ఏ మొక్కో తెలియకుండా ఏ వైద్యమని చెబుతాడు? ఒక మొక్క నోటిని మండిస్తుంది. ఒకటి గుండెను పట్టుకుంటుంది. ఒకటి కాలేయాన్ని తినేస్తుంది. మూడింటికీ వైద్యం వేరు వేరు.

కాబట్టి మూడే మూడు సంగతులు. ఆకు, టైము, బరువు. మళ్లీ చెబుతున్నాం. ఆకు, టైము, బరువు. కుక్క ఏ మొక్క తిన్నదో చెప్పడానికి ఒక రెమ్మ తుంచి సంచిలో వేసుకోండి. పువ్వో కాయో ఉంటే అదీ తీసుకోండి. ఫోన్‌లో ఫొటో తీసి పంపండి. ఎన్నింటికి తిన్నదో, సుమారు ఎంత తిన్నదో చెప్పండి. కుక్క ఎన్ని కిలోలుంటుందో చెప్పండి. అదే ఆకు 4 కిలోల పొమేరియన్ తింటే ఒక లెక్క, 30 కిలోల లాబ్రడార్ తింటే ఇంకో లెక్క. కుక్క వాంతి చేసుకుని ఉంటే, అసహ్యమనుకోకుండా దాన్ని కూడా డబ్బాలోకి ఎత్తండి. అందులో ఆకు ముక్కలు దొరుకుతాయి. కుండీలో పురుగుమందో ఎరువో వేసి ఉంటే ఆ ప్యాకెట్ కూడా తీసుకెళ్లండి.

ఇక చేయకూడని పనులు. శ్రోతలు ఇవి జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో ముందు చేసేవి ఇవే.

మొదటిది, కక్కించడం. ఏదైనా మింగరానిది మింగితే ఉప్పునీళ్లు పట్టించి కక్కించడం మనకు అలవాటు. కుక్కకు ఆ పని చేయకండి. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం ఒక్కసారిగా పెరుగుతుంది. ఒళ్లు వణుకుతుంది, ఫిట్స్ వస్తాయి. ఆకు చంపని కుక్కను ఉప్పు చంపగలదు. గొంతులో వేలు పెట్టడం, ఆవాల పొడి, నూనె పట్టించడం, ఇవేవీ వద్దు. కందజాతి మొక్క తిన్న కుక్కను కక్కిస్తే, దిగేటప్పుడు గుచ్చిన సూదులు ఎక్కేటప్పుడు మళ్లీ గుచ్చుతాయి. మగతగా ఉన్న కుక్కను, వణుకుతున్న కుక్కను కక్కిస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంటర్నెట్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ గురించి చదివి ఉంటారు. అది కడుపు లోపలి పొరను పుండు చేయగలదు. డాక్టరు ఫోన్‌లో ఉండి, ఇంత మోతాదు అని చెబితే తప్ప దాని జోలికి వెళ్లకూడదు.

రెండోది, చింతపండు. కంద దురదకు చింతపండు విరుగుడని మనకు తెలుసు కదా, కుక్కకూ కాస్త పులుసు నాకిస్తే పోలా అనిపించవచ్చు. వద్దు. ద్రాక్షపళ్లు, ఎండుద్రాక్షలు తిన్న కుక్కలకు మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో చాలాకాలం అంతుపట్టలేదు. వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని అమెరికాలోని పశువైద్యులు 2021లో ఒక శాస్త్రపత్రికలో రాశారు. ఆ ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉంది. చింతపండు తిన్న కుక్కలకూ అదే జబ్బు వచ్చింది. మన వంటింటి విరుగుడు కుక్క ఒంటికి పడదు.

మూడోది, మనుషుల మాత్రలు. నొప్పికని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి వేయకండి. కుక్కకు అవే విషం.

నోట్లో మంట పుట్టించే మొక్కల సంగతి ఇప్పటిదాకా చెప్పుకున్నాం. అసలు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. వాటిని తినగానే కుక్క గోలపెట్టదు. చాలాసేపు మామూలుగానే ఆడుకుంటుంది. ఇంట్లోవాళ్లు ఏమీ కాలేదనుకుంటారు. ఆ గంటల్లోనే విషం ఒంటికి పడుతుంది.

గన్నేరునే చూడండి. శివుడి పూజకు గన్నేరు పూలు కోస్తాం. జాతీయ రహదారుల మధ్య డివైడర్ల మీద వరసగా పెంచుతారు. ఎర్ర గన్నేరైనా, పచ్చ గన్నేరైనా ఆకు, పువ్వు, కొమ్మ, గింజ అన్నీ విషమే. ఎండిన ఆకులోనూ విషం అలాగే ఉంటుంది. అది గుండె కొట్టుకునే తీరును దెబ్బతీస్తుంది. ముందు వాంతులు, తర్వాత నీరసం, గుండె లయ తప్పడం. కాబట్టి పూజగదిలోంచి తీసిన వాడిన పూలు, కత్తిరించి పడేసిన కొమ్మలు కుక్కకు అందేచోట వేయకండి. మేడ మీద కుండీల్లో ముచ్చటగా పెంచే ఎడీనియం కూడా గుండె మీద పనిచేసే ఇలాంటి విషమున్న మొక్కే. కిడ్నీలో రాళ్లకని చాలామంది పెరట్లో పెంచుకునే రణపాలలోనూ గుండెపై పనిచేసే పదార్థాలున్నాయి. దాని పూలల్లో ఇంకా ఎక్కువ. మనుషులకు మందు కదా, కుక్కకేం కాదులే అనుకోవడానికి లేదు.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది సైకస్. కొందరు సాగో పామ్ అంటారు. మొద్దు కాండం, దాని చుట్టూ గుండ్రంగా విచ్చుకున్న గట్టి, మొనతేలిన ఆకులు. బంగళా గేటుకు అటొకటి ఇటొకటి పెడతారు. హోటల్ పచ్చికలో పెడతారు. అమెరికాలో టెక్సాస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో ఉంటున్న తెలుగువాళ్ల వాకిళ్ల ముందూ ఇది మామూలే. పామ్ అంటారు గానీ ఇది తాటి, ఈత కుటుంబానికి చెందింది కాదు. దీంట్లో సైకాసిన్ అనే విషం ఉంది. మొక్కంతా ఉంది, గింజల్లో మరీ ఎక్కువ. ఆడమొక్కకు నడినెత్తిన కాసే నారింజరంగు గింజలు ఒకటి రెండు తిన్నా కుక్క ప్రాణం పోవచ్చు.

సైకస్ చేసే మోసం ఏమిటంటే, మొదటిరోజు కుక్క నాలుగుసార్లు వాంతి చేసుకుని, మందకొడిగా ఉండి, కొంచెం తేరుకున్నట్టు కనిపిస్తుంది. అజీర్తి చేసి తగ్గిపోయిందనుకుంటారు. రెండో రోజో మూడో రోజో కాలేయం దెబ్బతిన్న లక్షణాలు బయటపడతాయి. కళ్లు, చిగుళ్లు పచ్చబడతాయి. మలం నల్లగా వస్తుంది. అమెరికాలో ఇలాంటి కేసులను పరిశీలించిన అధ్యయనాల్లో, వైద్యం అందినా మూడోవంతు నుంచి సగం దాకా కుక్కలు చనిపోయాయి. అందుకని సైకస్ తిన్నట్టు అనుమానం వచ్చినా చాలు. లక్షణాల కోసం కనిపెట్టుకుని కూర్చోకూడదు. కుక్క తోక ఊపుతూ ఉన్నా సరే, కారెక్కించాలి.

మొక్క కాదు గానీ, కుండీలోనే ఉండే మరో ప్రమాదం ఆముదం పిండి. ఆముదం గింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్కను ఎరువుగా అమ్ముతారు. గింజలోని రైసిన్ అనే విషం నూనెలోకి రాదు, పిండిలోనే మిగిలిపోతుంది. బాగా వేడిచేస్తే ఆ విషం పోతుంది. మార్కెట్లో దొరికే ప్రతి బస్తానూ సరిగ్గా వేడిచేసి ఉంటారన్న భరోసా లేదు. దీని వాసన కుక్కలకు ఇష్టం. మనీప్లాంటులా నోరు మండించి ఆపేది కాదు కాబట్టి, కుండీ తవ్వి మరీ కడుపునిండా తింటాయి. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి వాంతులు, రక్తవిరేచనాలు మొదలవుతాయి. మిద్దెతోట పెంచేవాళ్లు ఆముదం పిండి వేసిన కుండీలను కుక్కకు అందనంత ఎత్తులో పెట్టాలి, లేదా ఆ ఎరువే మానేయాలి. బస్తాను మూతి కట్టి గదిలో పెట్టి తాళం వేసుకోవాలి.

ఇలాంటివి తిన్న కుక్కను ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు ఏం చేస్తారు? తిని ఎక్కువసేపు కాకపోతే, కుక్క తెలివిగా ఉంటే, అపోమార్ఫిన్ లాంటి ఇంజెక్షన్ ఇచ్చి అక్కడే కక్కిస్తారు. మామూలుగా రెండు గంటల లోపైతే దీనివల్ల ఎక్కువ ఫలితం ఉంటుంది. ఆ తర్వాత యాక్టివేటెడ్ చార్‌కోల్ పట్టిస్తారు. పేగుల్లో ఉన్న విషాన్ని అది తనకు అంటించుకుంటుంది. పొయ్యిలో బొగ్గు నూరి పోస్తే ఆ పని జరగదు. సెలైన్ ఎక్కిస్తారు. తిన్నది గన్నేరైతే ఈసీజీ పెట్టి గుండెను గమనిస్తారు. సైకస్ అయితే రోజుల తరబడి రక్తపరీక్షలు చేస్తూ కాలేయాన్ని కాపాడే మందులు ఇస్తారు. మనీప్లాంటైతే ఇవేవీ అక్కర్లేదు, మంట తగ్గడానికి మందిచ్చి ఇంటికి పంపేస్తారు. మీరు పట్టుకెళ్లిన ఆ రెమ్మే ఈ దారుల్లో ఏదో ఒకటి ఎంచుకునేలా చేస్తుంది. మొక్క పేరు తెలియకపోతే డాక్టరు లక్షణాల కోసం ఎదురుచూడాలి. లక్షణాలు కనిపించేసరికి కక్కించే వేళ దాటిపోతుంది.

ఫోన్ ఎవరికి చేయాలి? మనుషులు విషం మింగితే సలహా చెప్పడానికి దిల్లీ ఎయిమ్స్‌లో 1995 నుంచి జాతీయ విష సమాచార కేంద్రం పనిచేస్తోంది గానీ, అది జంతువుల కోసం పెట్టింది కాదు. అమెరికాలో జంతువుల కోసమే ఏఎస్‌పీసీఏ విష నియంత్రణ కేంద్రం, పెట్ పాయిజన్ హెల్ప్‌లైన్ ఉన్నాయి. రాత్రీ పగలూ పశువైద్యులు ఫోన్ ఎత్తుతారు. సలహాకు ఫీజు తీసుకోవచ్చు. అక్కడున్న మన పిల్లలు ఈ నంబర్లు ముందే ఫోన్‌లో దాచుకోవాలి.

మన రెండు రాష్ట్రాల్లో సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరు ఉంది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఈ సేవ మొదలైంది. ముఖ్యంగా పల్లెల్లో పాడిపశువులు, గొర్రెలు, మేకల కోసం పెట్టింది. అందుకే కుక్కను పెంచుకునేవాళ్లు దగ్గర్లోని పెట్ క్లినిక్ నంబరు ఒకటి, రాత్రిపూట తెరిచి ఉండే ఆస్పత్రి నంబరు ఇంకొకటి దగ్గర పెట్టుకోవడం మంచిది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల చుట్టుపక్కల ఉండేవాళ్లకు అక్కడి ఆస్పత్రులు ఆసరా. ఎక్కడికెళ్లినా ముందు ఫోన్ చేసి బయల్దేరండి. డాక్టరు ఉన్నారా, కావలసిన ఇంజెక్షన్ ఉందా అని అడగండి. ట్రాఫిక్‌లో గంటసేపు ఈదుకుంటూ వెళ్లాక తలుపుకు తాళం కనిపిస్తే, ఆ గంట మళ్లీ రాదు.

ఇంకోసారి గుర్తుచేసుకుందాం. నోట్లో ఆకు తీసేయండి. మూతి తుడవండి. కక్కించకండి. ఉప్పు వద్దు, చింతపండు వద్దు, మనుషుల మాత్రలు వద్దు. ఆకు, టైము, బరువు. ఈ మూడూ దగ్గర పెట్టుకుని డాక్టరుకు ఫోన్ చేయండి. ఊపిరి అందకపోయినా, ఫిట్స్ వచ్చినా, కుక్క కుప్పకూలినా మాత్రం వెంటనే బయల్దేరండి, ఫోన్ దారిలో చేసుకోవచ్చు.

మొక్కలంటే ఇష్టమున్నవాళ్లు ఈ మాటలు విని కుండీలన్నీ పారేయక్కర్లేదు. స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్, బోస్టన్ ఫెర్న్ లాంటివి కుక్కలకు విషం కావు. ఎక్కువ తింటే ఓసారి వాంతి చేసుకుంటాయేమో, అంతే. మనీప్లాంటును పైనుంచి వేలాడే కుండీలోకి మార్చవచ్చు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే అసలైన లిల్లీ పూలను మాత్రం గుమ్మంలోకే రానీయకండి. కుక్కకు అవి కడుపు నొప్పితో పోతాయి గానీ, పిల్లికి మూత్రపిండాలు పాడుచేస్తాయి.

మన దగ్గర నర్సరీలకు కొదవలేదు. కడియం నుంచి లారీలకు లారీలు మొక్కలు దేశమంతా వెళ్తుంటాయి. కొనేటప్పుడు పేరు అడిగితే "షో మొక్కండీ" అని చేతిలో పెట్టేస్తారు. ఈసారి అక్కడితో వదలకండి. అసలు పేరు చెప్పించుకోండి, తెలియకపోతే ఫొటో తీసి తెలిసినవాళ్లను అడగండి. ఇప్పటికే ఇంట్లో ఉన్న కుండీలకు ఒక చెక్క ముక్క మీద పేరు రాసి మట్టిలో గుచ్చండి. ఆ పేర్లు, కుక్క బరువు, డాక్టరు నంబరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఇంట్లో పెద్దవాళ్లకు, పనిమనిషికి కూడా ఆ కాగితం చూపించండి. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు కుక్క ఆకు నమిలితే, ఫోన్ చేయాల్సింది వాళ్లే.